గుంతకల్లు, రెండో టీము

ఎర్రిస్వామికి కర్నూలు నుంచి పిలుపొచ్చింది.
ఫోను రొజారియో సారుకొచ్చింది.
సారు ఏమీ చెప్పలే. నోట్లోంచి ఈల తీసి
చొక్కా అంచుతో తుడుచుకుంటా
గూడ్సు యార్డు వైపు చూసినాడు.
పదకొండేండ్లుగా తెలుసు నాకు ఆ చూపు.
ఎవుడో పోతాండాడన్నమాట.

ఈ ఆటలో తొమ్మిదిమందిలో
ఎనిమిదిమంది నిలబడతారు,
ఒకడు కూర్చుంటాడు.
ఆ ఒకడు నేను, సుంకన్నని.
మోకాళ్ళ మీద బరువేసి, మట్టికి దగ్గరగా,
వచ్చే బంతికి ఎదురుగా.
కూర్చున్నోనికే అందరి మొగాలూ కనపడతాయి.

మనది చేను కాదురా, నారుమడి, అంటాడు సారు.
వానల్లేని జిల్లాలో నారుమడి యాడ సారూ
అని నవ్వుతాం.
ఇక్కడ నిలిచినోడు కర్నూలుకు,
కర్నూల్లో నిలిచినోడు హైదరాబాదుకు,
అక్కడ లైట్లు, టీవీ, వీపు మీద పేరు.
నిలవనోడు ఆటో స్టాండుకు,
కాదంటే తాడిపత్రి బండల పాలిషుకు.
మేం గెలిచిన మ్యాచులు లెక్కపెట్టేది
రైల్వే క్యాంటీను చిన్నోబయ్య ఒక్కడే,
అదీ టీ బాకీల పక్కన.

మా యమ్మ చెనిక్కాయలు వలిచేటప్పుడు
విత్తనానికి ఒక చాట, మిల్లుకు ఒక చాట.
గింజను చూసేది కాదు, వేలికొసతో తడిమేది.
"దీనికేం తక్కువైందిమా?" అంటే
"తక్కువ గాదురా, నూనెకు బాగుంటాది" అనేది.
ప్రతి ఆదివారం ఆ నూనే
నా గ్లౌజుకు రాస్తా.
బంతి సరైన గుంతలో పడితే
టపాకాయ పేలినట్టుంటాది.
పిల్లోడు తన వేగం అనుకుంటాడు.
సగం వేగం, సగం నేను.
ఈ మాట ఇంతవరకూ ఎవురికీ చెప్పలే.

ఎర్రిస్వామి వచ్చినప్పుడు పదహైదేండ్లు.
జొన్నచేలో పిట్టలు తోలిన ఎడమచెయ్యి.
బంతి యాడికి పోతాదో వానికే తెలీదు.
మొదటి నెల నా భుజానికి, ముంజేతికి,
ఒకసారి గొంతుకు. మూడు దినాలు
గంజి తాగి సైగలతో మాట్లాడినా.
రెండేండ్లు పట్టింది.
ఇప్పుడు గ్లౌజు యాడ పెడితే ఆడికే.

రాత్రి ప్లాట్‌ఫారం మీద అడిగినాడు,
"అన్నా, నీకెప్పుడూ రాలేదా పిలుపు?"

వచ్చింది. తొమ్మిది దినాలు.
కర్నూల్లో వాళ్ళ కూర్చునేవానికి టైఫాయిడు.
అరవై ఒకటో నంబరు చొక్కా ఇచ్చినారు,
పేరు కుట్టించే టైము లేదన్నారు.
రెండు మ్యాచులు. ఒకే ఒక్క దెబ్బ,
కుడివైపు గీత మీద పడి
సున్నం ఇంత ఎత్తు లేచింది.
పదో దినం వానికి జొరం తగ్గింది.

"వచ్చింది లేబ్బా" అన్నా, అంతే.

డోను మీంచి పోయే పాసింజరు కదిలింది.
కిటికీలోంచి ఎడమచెయ్యి ఊపినాడు.
"ఒరేయ్, కుడిచెయ్యి ఊపరా!
దాన్ని లోపల పెట్టు!"
బోగీలో ఎవురో నవ్వినారు.
వాడు చెయ్యి మార్చినాడు.

పొద్దున్నే ఇంకొకడు. పేరు మౌలాలి,
ఊరు వజ్రకరూరు.
తొలకరి పడితే వాళ్ళ ఊరు ఊరంతా
తలొంచుకొని చేలల్లో తిరుగుతాది, రాళ్ళ కోసం.
వాళ్ళ నాయిన ముప్పయ్యేండ్లు తిరిగినాడంట,
దొరికింది మెడనొప్పంట.
నవ్వుతానే చెప్పినాడు వీడు.

మోకాళ్ళు రెండూ పటపటమన్నాయి,
కూర్చున్నా.
మొదటి బంతి నా తల మీంచి పోయి
యార్డు గోడకు తగిలింది.
రెండోది మట్టిలో.
మూడోది, ఎట్లొచ్చిందో గానీ, తిన్నగా వచ్చింది.
మణికట్టు కొంచెం తిప్పి
గ్లౌజు పేలేట్టు పట్టినా.

వాడు తన చెయ్యి వైపు చూసుకున్నాడు.