సున్నా విరిగిన స్కేలు

ఉమ్ అల్ కువైన్ పాయలో నీరు తీసే వేళకి
మోకాటి బూట్లేసుకుని దిగుతాం.
నా చేతిలో స్కేలు,
గుల్ జమాన్ చేతిలో గొడుగు. మాక్కాదు,
కోసిన ఆకులు వాడిపోకుండా.

డాక్టర్ హెస్సా అడుగుతుంది, నేను చెబుతాను:
నాలుగు పాయింట్ రెండు. నాలుగు. మూడు పాయింట్ తొమ్మిది.
పొడవు, వెడల్పు, మందం.
తూకం తర్వాత, గదిలో, ఎండబెట్టాక.

మొదటి రోజు చెట్టుని చూసి నవ్వొచ్చింది.
తెల్లమడ!
గాడిమొగలో మా పడవ తాడు కట్టేది దీనికే,
మా మేనమామ పోలయ్య వల అల్లేది దీని నీడనే.
ఇక్కడ అది నా ఛాతీ దాకా రాదు.
తలెత్తి చూడాల్సినదాన్ని
తల దించి చూస్తుంటే
ఏదో తప్పు చేసినట్టుంది.

గిడసబారిపోయింది అందామంటే
నాకొచ్చిన హిందీలో ఆ మాట లేదు,
అరచెయ్యి నేలకేసి అదిమి చూపించాను.
ఆవిడ ఒప్పుకోలేదు.
కొమ్మని అడ్డంగా కోసి భూతద్దం నా చేతికిచ్చింది:
గొట్టాలు, దోమ తొండమంత సన్నవి.
"ఎత్తు పెరగాలంటే లావు గొట్టం కావాలి.
ఇంత ఉప్పులో లావు గొట్టమైతే నీటి దార తెగిపోద్ది.
అందుకని ఇది పొట్టిగా ఉండి
తెగకుండా తాగుతుంది."

కొండలకి అవతల, కల్బా సముద్రం పక్కన
ఇదే చెట్టు డాబా ఎత్తు ఉందంట.
ఆ గింజలు తెచ్చి ఇక్కడి నీళ్ల బకెట్లలో వేసింది,
ఇక్కడి గింజలు అక్కడి నీళ్లలో.
ఏది గింజ బుద్ధో, ఏది నీటి బుద్ధో
తేలడానికి నాలుగేళ్లు.
నా వీసా రెండేళ్లది.

నీటి అంచున రెండు కొంగలు,
ఒకటి తెలుపు, ఒకటి పొయ్యి బూడిద.
జంటే అంది. ఒకే జాతి, ఒకే గూడు.
మరి ఆ రంగెందుకు అంటే
భుజాలెగరేసి "ఇంకా తెలీదు" అంది.
ఆ మాటతో ఆవిడంటే గౌరవం పెరిగింది.

ఓ రోజు, "మీ ఊళ్లో ఆకెంత ఉంటుంది?" అని అడిగింది.
చూపుడువేలు నిటారుగా చాపాను.
ఆవిడ కలం కదల్లేదు.
"కొలవనిది రాయను."
పైన గోదావరి అని రాసి ఉన్న వరస
మా మొగ దగ్గర ఇసకమేటలా తెల్లగా ఉండిపోయింది.

రాత్రి చెల్లెలు నూకరత్నానికి ఫోను చేశాను.
దాని కొడుకు యేసుబాబు పాయకి పోయి
బడి స్కేలు మీద ఆకు పెట్టి ఫోటో పంపాడు.
స్కేలు మొదలు విరిగింది. సున్నా లేదు, ఒకటి లేదు, రెండు లేదు.
మూడు దగ్గర తొడిమ,
పదకొండు దాటి ఒక గీత, అక్కడ మొన.
తీసివేత నాకొచ్చు: ఎనిమిది, మీద ఒక గీత.
రొట్టెలు కాలుస్తున్న గదంతా తిరిగి చూపించాను.
సిరిసిల్ల లచ్చయ్య ఫోను వెనక్కిచ్చేసి
"ఆకేనా? నేను పైసలొచ్చినయనుకున్న" అన్నాడు.

పొద్దున్న హెస్సా ఆ ఫోటోని పెద్దది చేసి చాలాసేపు చూసింది.
ఎండ కొమ్మదా, నీడ కొమ్మదా?
ఎంత ఎత్తులోది?
మళ్లీ ఫోను.
రాలిపడి నీళ్లలో తేలుతుంటే తీశాడంట.
"అయితే లెక్కకి రాదు" అంది మెల్లగా,
చావు కబురు చెప్పేవాళ్ల గొంతుతో.

నీరు ఎక్కుతోంది.
బురదలోంచి పైకి నిక్కిన ఊపిరివేళ్లు
ఒక్కొక్కటే మునుగుతున్నాయి.
చేతిలో ఉన్న ఆకుని వెనక్కి తిప్పి నాకాను.
చిన్నప్పుడు పందెం కాసి నాకేవాళ్లం.
అక్కడ వెతికితేగాని తగలని ఉప్పు
ఇక్కడ గరగరమంటూ నాలుక మీద రాలింది.
ఉమ్మలేదు.

"నంబర్?" అని అరిచాడు గుల్ జమాన్.
ఆకుని చొక్కాకి తుడిచి
స్కేలు మీద పెట్టాను.
నాలుగు పాయింట్ ఒకటి.