మోచేతుల జాగ్రత్త

బ్రాడీపేట నాలుగో లైన్లో జిరాక్సు షాపు మేడ మీద
సాయంత్రం ఆరున్నర బ్యాచి.
పదకొండు మంది, తొమ్మిది కుర్చీలు.
బోర్డు మీద ఇవాళ్టి పాఠం:
ఎదుటివాడికి జాగ్రత్త చెప్పడం ఎట్లా.

టేక్ కేర్ అనొచ్చు.
టేక్ గుడ్ కేర్ అనొచ్చు.
గ్రేట్ కేర్ అంటే ఇంకాస్త బరువు.
అట్మోస్ట్ కేర్ గాజుసామాను పెట్టెల మీద ఉంటుంది,
డ్యూ కేర్ కోర్టు కాగితాల్లో.
బిగ్ కేర్ అనకూడదు.
స్ట్రాంగ్ కేర్ అసలే అనకూడదు.

"ఏం, ఎందుకనకూడదండీ?"
గోడకానుకుని నిలబడ్డ మస్తాన్‌బీ.
యార్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తుంది.
ఏటుకూరు రోడ్డు ఎగుమతి కంపెనీలో
ప్యాకింగ్ సూపర్‌వైజరు పోస్టు మీద కన్నేసింది.
"స్ట్రాంగ్ టీ అంటారుగా.
స్ట్రాంగ్ కేర్‌కేం రోగం?"

నా దగ్గర జవాబు లేదు.
పదిహేనేళ్ళుగా చెబుతున్నా, లేదు.
అలవాటమ్మా, అన్నాను.
మాటలకీ పెళ్ళిచూపులుంటాయి,
కొన్నిటికి కొన్ని కుదరవు.
"కుదరకపోతే లేచిపోవా అండీ?"
క్లాసంతా గొల్లుమంది.
తను మాత్రం పెన్ను మూత కొరుకుతూ
నిజంగానే జవాబు కోసం చూస్తోంది.

ఆలోచిస్తే, మన జాగ్రత్తకు
ముందు ఏ మాట తగిలించినా వెక్కిరింపైపోతుంది.
నీదంతా అతిజాగ్రత్త అంటే తిట్టు.
ఇంత జాగ్రత్తేమిటో అంటే పిసినారి అని.
బస్సు కదిలాక మా అమ్మ
కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు నడుస్తూ
జాగ్రత్తా… అనేది.
ఆ చివరి దీర్ఘంలో ఉండేది
గుడ్డూ గ్రేటూ అట్మోస్టూ అంతా.
దీర్ఘాన్ని బోర్డు మీద ఎట్లా రాయను?
పరీక్షలో దానికెన్ని మార్కులు?

తలా ఒక వాక్యం రాయమన్నాను.
కొరియర్ యోహాను శంకర్‌విలాస్ వంతెన మీద
ప్రాపర్ కేర్‌తో బండి నడిపాడు.
మెడికల్ షాపు కుర్రాడు
డబ్బా మీద ఉన్నది ఉన్నట్టు దించాడు.
మస్తాన్‌బీ పుస్తకంలో తెలుగు అక్షరాల్లో:
ఐ టేక్ ఎల్బో కేర్ ఆఫ్ మై సన్.

ఎర్రపెన్ను సున్నా చుట్టబోయి ఆగింది.
ఏంటమ్మా ఇది?

"సబ్బుకు పోదండీ ఆ ఘాటు.
మజ్జిగకు పోదు, నూనె రాసినా
పొద్దుపోయిందాకా వేళ్ళు మండుతానే ఉంటాయి.
గడప తొక్కంగానే వాడు ఉరికొస్తాడు.
వాడి కళ్ళకు తగిలిద్దని
ఇట్టా ఎత్తుకుంటా."

లేచి చూపించింది.
పిడికిళ్ళు రెండూ వెనక్కి ముడిచి
మోచేతుల మధ్య గాలిని
చంక దాకా లేపింది.
ఆ గాలికి రెండేళ్ళుంటాయి.
కాళ్ళు ఆడిస్తోంది కూడా.

ఎవరూ నవ్వలేదు.
కింద జిరాక్సు మిషను
ఎవరిదో ఆధార్ కార్డు
చప్పుడు చేస్తూ కక్కుతోంది.

తప్పే, అన్నాను చివరికి.
ఇంటర్వ్యూలో ఇది తప్పే.
గ్రేట్ కేర్ అని రాయి.
రాసింది, గుండ్రటి అక్షరాలతో.
ఎల్బోని కొట్టెయ్యలేదు గానీ
చుట్టూ చిన్న పెట్టె గీసింది,
తర్వాత వాడుకోవడానికి దాచినట్టు.

తొమ్మిదింటికి క్లాసు వదిలాను.
మెట్ల బల్బు మాడిపోయి వారమైంది.
ఇంగ్లీషులో చెబుదామని నోరు తెరిచి
జాగ్రత్తా… అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

అందరికంటే ముందు మస్తాన్‌బీ.
తలుపును మోచేత్తో నెట్టుకుని దిగిపోయింది.
ఆ రోజు యార్డుకు సెలవని
నాకు తర్వాత గుర్తొచ్చింది.