పోసిన ఇసుక

అల్లిపురంలో అప్పట్లో నా నెట్ సెంటరుకి
ఏడు కంప్యూటర్లు, ఒకటే ఫ్యాను.
కిటికీల కంపెనీ తరఫున ఇద్దరొచ్చారు,
టైల కింద చెమట తుడుచుకుంటూ.
"ఏడింట్లో ఆరు దొంగ కాపీలు" అన్నారు.
ఏడోదీ అంతేనని నేను చెప్పలేదు.
కట్టమన్న అంకె
ఆ ఏడింటి ఖరీదు కన్నా ఎక్కువ.
"ఊరికే వచ్చేదొకటుంది, జాగ్రత్త,
అది చీడ" అని కూడా చెప్పి వెళ్లారు.

ఊరికే వచ్చేదొకటుందని
నాకు తెలిసిందే అలాగ.

ఆ రాత్రి అసిరినాయుడు సీడీ తెచ్చాడు.
దాని మీద స్కెచ్ పెన్నుతో పెంగ్విన్.
బాతనుకున్నాను.
"డబ్బులెవరికియ్యాల్రా?"
"ఎవులికీ అక్కర్లేదు మావా."
"మరెవరిది?"
"అందరిదీని."
అందరిదీ అంటే నాకు భయం,
మా వీధి కుళాయి దగ్గర
పగిలిన తలలు లెక్కపెట్టినవాణ్ణి.

ఎక్కించాం. ప్రింటరు పలకలేదు.
తెలుగులో వత్తులన్నీ
అక్షరాల కిందనుంచి జారి పక్కన నిలబడ్డాయి.
వాడు వారం నేలమీదే పడుకుని
ఒక్కో వత్తునీ దాని చోటికి చేర్చాడు,
చేసింది చేసినట్టు ఎవరికో పంపాడు.
పేరు పలకరాని ఊరినుంచి
"బాగుంది, కలిపేశాం" అని జవాబు.
ఆరోజు టీ డబ్బులు వాడే ఇచ్చాడు.

మొన్న రుషికొండ హోటల్లో మీటింగు.
అదే కంపెనీ.
తెరమీద ఎర్రటి గుండె, గుండెలో పెంగ్విన్.
"మీరంటే మాకు ప్రాణం" అన్నాడు కుర్రాడు.
పాతికేళ్లుండవు, ఆ టైలు వాడి పాపం కాదు.
పెంగ్విన్ని గంటకింతని అద్దెకిచ్చే పట్టిక చూపించాడు.
"వత్తులు కూడా ఉన్నాయా అందులో?" అన్నాను.
నవ్వి, కార్డిచ్చాడు.
టీషర్టు కూడా ఇచ్చారు. సరిగ్గా సరిపోయింది,
అదే నా బాధ.

వస్తూ ఆర్కే బీచిలో దిగాను.
డ్రెడ్జరు గొట్టం ఒడ్డుమీదికి
నల్లటి ఇసుక కక్కుతోంది.
హార్బరు గోడ కట్టిన దగ్గర్నుంచీ
దక్షిణం నుంచొచ్చే ఇసుక అక్కడే ఆగిపోతుంది,
ఇక్కడ ఒడ్డు కోసుకుపోతుంది.
ఆపినవాళ్లే తవ్వి తెచ్చి పోస్తారు.
"మంచిదే కదా?" అన్నాను
పొత్తులు కాల్చే అప్పలకొండతో.
"మంచిదే బాబూ. ఆపినోడెవుడో
పోసినోడెవుడో ఇసక్కేటి తెలుసు,
కాళ్లకి మెత్తగానే ఉంటాది."

అసిరినాయుడు ఇప్పుడా కంపెనీలోనే
అని చెప్పలేదు కదూ.
ఫోను చేశాను. "టీషర్టిచ్చార్రా."
కాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత అన్నాడు,
"బొమ్మ పోతాది మావా,
తిరగేసి ఉతుకు."