పాలగిన్నెలో ఒకటి

ఆరు వారాలు పట్టింది
నలుగురికీ కుదిరే ఒక్క రాత్రి దొరకడానికి.

మారికది పార్నులో రొట్టెల బట్టీ,
ఆమెకు తెల్లారేది అర్ధరాత్రి దాటి రెండింటికి.
ఊర్మస్ బస్సు నడపడం మానేసి రెండేళ్ళయినా
తొమ్మిదింటికే కునుకుపట్టే అలవాటు మానలేదు.
విర్వె తార్తూలో పళ్ళ డాక్టరు దగ్గర నర్సు,
గురువారం మాత్రం వద్దంది, ఎందుకో చెప్పలేదు.
కౌర్‌కి పదిహేనేళ్ళు. ఏ రోజైనా సరేనన్నాడు,
అదీ నోటితో కాదు, బొటనవేలి బొమ్మతో.

ఆదివారం, ఏడు గంటలు.
క్యాలెండర్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను.

నేనేమో హీయుమా దీవిలో
మేకులూ తాళాలూ అమ్ముకునే దాన్ని.
సముద్రం గడ్డకట్టి గిరాకీ తగ్గిన నెలల్లో
బిల్లు పుస్తకాల వెనకవైపు ఒక రాజ్యం కట్టాను.
ఏడు కోటలు, మూడు తరాల పగ,
ఉప్పు పన్ను మీద తిరుగుబాటు,
మోకాళ్ళ నొప్పులున్న డ్రాగన్ ఒకటి.
మొత్తం నలభై పేజీలు.

"మీరు సత్రంలో ఉన్నారు" అన్నాను.
"బయట మంచు. ఎవరో తలుపు కొడుతున్నారు."

ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ అడుగు వెయ్యదు.
తెర మీద నాలుగు గళ్ళు:
ఒకదానిలో మారిక నుదురు,
ఒకదానిలో విర్వె అల్లిక సూదులు,
ఊర్మస్ గడిలో వంటింటి పైకప్పు,
కౌర్ గడి నల్లగా.
మా ఎస్తోనియా వాళ్ళు మాటకి తొందరపడరు.
పొరుగువాడు చచ్చి బతికొచ్చినా
ఈసారి చలి ముందే వచ్చిందని చెప్పి ఊరుకుంటారు.
నా గోడ గడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందని
ఆ రాత్రే తెలిసింది.

ఊర్మస్ గొంతు సవరించుకున్నాడు.
"గుర్రాలకి మేత వేశారా?"

ఏ గుర్రాలు?
నలభై పేజీల్లో ఎక్కడా గుర్రం లేదు.
"లేకపోతే ఈ మంచులో నడిచొచ్చామా?" అంది విర్వె.
"నాది ముసలిది, ఓట్లు నానబెట్టి పెట్టాలి" అంది మారిక.
గంటన్నర.
తలుపు దగ్గరివాడు కొడుతూనే ఉన్నాడు పాపం,
ఏడు కోటల కబురూ వాడి సంచిలోనే ఉండిపోయింది.

సరే, గుర్రాలంటే గుర్రాలే.
గుర్రపుశాలలోకి తోడేళ్ళని వదిలాను.

లాంతరు పట్టుకుని ముందుకెళ్ళింది ఊర్మస్.
"పాచిక వెయ్యండి, ఇరవై ముఖాలది.
తెర మీద నొక్కితే అదే పడుతుంది."
"చేతిలో బరువు తెలియాలి" అన్నాడాయన.
పోస్టులో తెప్పించుకున్నాడట, పాలగిన్నెలో వేస్తాడట.
గలగల.
పైకప్పు తప్ప మాకేమీ కనబడదు.
కళ్ళజోడు వెతుక్కుంటున్న చప్పుడు.

"ఒకటి."

ఒకటంటే లాంతరు జారుతుంది,
గడ్డి అంటుకుంటుంది.
పాచిక పారలేదంటారే, అది ఇదే.
పద్ధెనిమిదన్నా నమ్మేవాళ్ళం.
ఇరవై అన్నా, విర్వె సూదులు ఆపి చప్పట్లు కొట్టేది.
"మొదటి రోజే కదా, మళ్ళీ వెయ్యండి" అన్నాను.
"వద్దు. పడింది పడింది."

అరవై మూడేళ్ళ మనిషి
లేని గడ్డివాములో లేని నిప్పు ముందు
నిజంగానే బిక్కమొహం వేసుకుని ఉంటాడు.
ఆ మొహం నేను చూడలేదు.
పైకప్పు మీద ఒక తేమ మరక మాత్రం చూశాను.

అప్పుడు నల్లగడి లోంచి
సగం విరిగిన గొంతు,
ఒక మాట పిల్లవాడిది, ఒక మాట మగవాడిది:
"నేను తాళ్ళు కోస్తాను.
ముందు ఆయన గుర్రానివి."

కౌర్‌కి ఎంత పడిందో చెప్పను.
చాలినంత పడింది.

పదిన్నరకి అందరూ వెళ్ళిపోయారు.
ఊర్మస్‌కి కాల్ ఎలా ఆపాలో తెలియదు,
నేను చెప్పలేదు.
స్టవ్ వెలిగించాడు. గిన్నెలో పాలు పోస్తున్నాడు.
పాచిక తీశాడో లేదో.
ఎవరితోనో, కుక్కే అయి ఉంటుంది,
"గుర్రం బతికింది" అంటున్నాడు,
"కాస్త తోక కాలింది, అంతే."

తలుపు దగ్గరివాడు ఇంకా కొడుతున్నాడు.
వచ్చే ఆదివారం చూద్దాం.