ఎడమ కాలు

సిరిపురం షోరూమ్‌లో రెండే సీట్ల ఎర్ర కారు.
"గేరు గురించి మీరు ఆలోచించక్కర్లేదు మేడమ్,
అదే ఆలోచిస్తుంది" అన్నాడు ప్రహర్ష్.
నిజమే. బీచ్ రోడ్డు మీద
నాకు తొందర పుట్టేలోపే దానికి పుట్టింది.
రుషికొండ మలుపులో నా ఎడమ కాలు
పిలవని పేరంటానికొచ్చినట్టు
ఓ మూల ఒదిగి కూర్చుంది.

రెండోది గాజువాకలో, కొర్లయ్య షెడ్డులో.
పదేళ్ల పాతది. గేరు రాడ్డు తలమీది అంకెలు
ఎవరి అరచేతిలోకో అరిగిపోయాయి.
కైలాసగిరి ఎక్కుతూ మూడో మలుపులో ఆపేశాను.
వెనక టూరిస్టు బస్సు హారన్.
కారు జానెడు వెనక్కి జారింది, గుండె మూరెడు.
క్లచ్ వదులుతూ, వదులుతూ,
పాదం కింద ఒక వణుకు,
చేప గాలాన్ని ముట్టి చూసినట్టు.
అక్కడ.
అక్కడే పట్టుకోవాలి.
అది ఎక్కడో ఎవరూ చెప్పరు.

"కొండమీద బాగుంటాదమ్మా" అన్నాడు కొర్లయ్య,
"సాయంకాలం ఎన్‌ఏడీ కాడ ఎలగ?
మోకాలు కోయించుకున్నోళ్లు అడగాల్సింది
నన్నేటి, డాట్రుబాబుని గానీ!"

షిప్‌యార్డు క్రేన్ మీద ఇరవై రెండేళ్లు
లీవర్లు లాగిన చేతులది ఒక మాట.
మోకాలిది ఇంకో మాట.
రాత్రి మంచం మీద, నన్నడక్కుండానే,
ఎడమ పాదం దుప్పటిని మెల్లగా తొక్కి
మెల్లగా వదిలింది.
లెక్కపెట్టాను. ఐదుసార్లు.
ఆరోసారి నొప్పి.
ఏమో, అది రివర్సేమో.

పొద్దున్నే ప్రహర్ష్ ఫోన్ చేశాడు, రెండుసార్లు.
కొర్లయ్య చెయ్యలేదు.
నేనే చేశాను.