వెయ్యిన్ని మూడు

కొత్తవాడల రాత్రి పదకొండున్నర.
పక్కింట్ల మగ్గం ఎప్పుడో ఆగింది.
మా ఇంట్ల మేలుకొని ఉన్నది
బియ్యం డ్రమ్ము మీది నల్ల డబ్బా ఒక్కటే.
అరచెయ్యంత ఫ్యాను, రెండు డిస్కులు,
మినుకుమినుకు నీలం దీపం.

దాంట్ల జంపఖానాలున్నయి.
నేసినయి కాదు, ఇంక నేసేటియి.
గళ్ల కాగితం మీద గీసి, రంగులు నింపి, స్కాన్ చేసి
దాచిపెట్టిన మూడొందల పదహారు నమూనాలు.
ఫోల్డర్ పేరు 'పొత్తు'.
పొద్దుగాల తొమ్మిదింటికి జమ్మికుంట గిరాకి వస్తడు,
నెమలికంఠం అంచున్న ఆ పాతదే కావాల్నంట.

నొక్కిన.
"మీకు అనుమతి లేదు."

నాకా?
హన్మకొండ చౌరస్తాల దుకాణపాయనతోని
రెండొందల కాడ గంట కొట్లాడి
ఈ డబ్బా తెచ్చింది నేను.

రౌటర్ ఆపి మల్ల పెట్టిన.
స్వరూప లేచొచ్చి "వైరు ఊడిందేమో" అని
వంగి చూసి, పోయి పండుకున్నది.
వైరు ఊడలే.
ల్యాప్‌టాప్‌ల ఎప్పటిదో పాస్‌వర్డ్ ఇరుక్కొని
నన్ను చుట్టపోని లెక్క గేటు కాడ్నే నిలబెడుతున్నది.
అది తుడిచి అసలు పేరు చెప్పిన.
గేటు తెరుచుకున్నది. అర్ర తెరుచుకోలే.

అప్పుడు సమజైంది, తలుపులు రెండని.
బయటి దాని మీద నా పేరున్నది,
చదువొచ్చు, రాయొచ్చు, చెరపొచ్చు.
లోపలి దాని మీద ఇంకెవరి మాటనో నడుస్తున్నది.
రెండూ ఊ అంటేనే ఊ.
ఒక్కటి ఊహూ అన్నదా,
కొన్నోనివా, మోసుకొచ్చినోనివా, అదేం జూడది.

నల్ల తెర తీసి వరుసపెట్టి అడిగిన,
నీ యజమాని ఎవరు?
నెమలికంఠం: 1003.
మామిడిపిందె: 1003.
గుర్రపునాడా, చుక్కలబాట, పేరు పెట్టని పద్దెనిమిది: 1003.
పేరు లేదు, ఇంటిపేరు లేదు,
ఉత్త అంకె.

పోయిన ఎండకాలం పంపకాలైననాడు
మగ్గాలు చెరి రెండు, ఆసు నాకు, తాసు వానికి.
తమ్ముడు మార్కండ ట్రాలీ ఆటోల సామానెక్కిస్తుంటే
నేను గీ కుర్చీలనే కూసోని
వాని పేరు కొట్టేసిన.
"నిజంగనే తీసెయ్యాల్నా?" అని అడిగింది గూడ.
ఆ అన్న.
పేర్లు మన కోసం పెట్టుకున్నయి.
డబ్బా గుర్తుపెట్టుకునేది నంబరునే.

దారి ఉన్నది. ఒక్క వరుస.
యజమానిని మార్చు, లోపలున్నయన్ని, అడుగు దాక.
టైప్ చేసిన. ఎంటర్ ఒక్కటే బాకి.
నెమలికంఠం నేను గీయలే.
నీలంల పచ్చ ఎంత కలుపుతడో
ఇప్పటికీ నాకు తెల్వది.

ఒక్కొక్క అక్షరం ఎనుకకు తుడిచిన.

బట్ట అయిపోయినా
మగ్గం మీద పాత పడుగు కొసలు కొయ్యరు.
జానెడు ఉంచి
కొత్త పడుగు పోగుకు పోగు అతుకుతరు.
పన్నెలకెళ్లి మల్ల తీసే తిప్పలుండదని, అంతే.
ఇంకో అర్థమేం లేదు దాంట్ల.

కొత్త ఖాతా తెరిచిన.
నంబరు అదే ఇస్తనన్నది, వద్దని
నేనే రాసిన, వెయ్యిన్ని మూడు.
పేరు, మార్కండ.
పాస్‌వర్డ్ కాడ ఆగిన.

పన్నెండు దాటి పది నిమిషాలు. ఫోన్ చేసిన.
ఏడు నెలలకు మొదటి మాట
"నీ పాస్‌వర్డ్ ఏం పెట్టాలె?"
అవతల కండెలు చుట్టే మిషన్ ఆగిన చప్పుడు.
"పాతదే పెట్టు."
"పాతది నాకేం ఎరుక?"
"ఎరుకే అనుకున్న."

కొంచెంసేపు ఇద్దరం ఊకున్నం.
తర్వాత ఒక్కొక్కటి చెప్పిండు,
"పెద్దక్షరం కాదు, చిన్నది" అని నడుమ దిద్దుకుంట.
ఆఖరుకు నాలుగు అంకెలు.
అమ్మేసిన స్కూటర్ నంబరు.

"తెరుచుకున్నదా?"
"ఆ."
"అంచుల మూడో పట్టె రెండు గళ్లు ఎక్కువున్నది.
నేసే ముందు సూస్కో.
అప్పుడే చెప్పాల్నుండె."