సొట్ట దాకా నీళ్లు

ఆటోనగర్‌లో సుభానీ షెడ్డు ముందు
లారీ తలుపులూ ఆటో మడ్‌గార్డులూ
గోడకి జారగిలబడి వంతు కోసం చూస్తుంటాయి.
ఆయన లెక్కలో
గోరు తగిలితే గీత, వేలు దిగితే నొక్కు,
అరచెయ్యి ఇమిడితే సొట్ట.
మనిషి పట్టేటంతయితే
"అది సొట్ట కాదమ్మా, కేసు."

నేను తీసుకెళ్లింది సత్తు గుండిగ.
"బళ్లకే గానీ గిన్నెలకి చెయ్యను" అన్నాడు.
పటమటలో నా సాంబారు తిన్న నోరు కదా,
కాసేపటికి సుత్తి తీశాడు.

పుష్కరాల ఏడు మా అత్త శేషమాంబ
వంటలకి అద్దెకిస్తే
ఘాటు మెట్ల మీద దొర్లిందట ఆ గుండిగ.
పెద్ద ఆర్డరొచ్చింది, కల్యాణమండపం వాళ్లు చూస్తారని
నాకే సిగ్గేసింది.

సొట్ట అనే మాట మొదట నా బుగ్గ మీదే విన్నాను.
రెండో క్లాసు టీచరు వేలు పెట్టి నొక్కి
లెక్క తప్పినా మార్కు వేసింది.
మా పెదనాన్న కాలికి కూడా అదే మాట.
సొట్ట అప్పయ్య అంటే గానీ
పోస్టుమాన్‌కి ఇల్లు తెలిసేది కాదు.
ఆయన నా బుగ్గ ఎప్పుడూ నొక్కలేదు.

"ఎదురుగా నిలబడి కొడితే సొట్ట మొండికేస్తుంది,
లోపలికెళ్లి బతిమాలాలి" అంటూ
చెక్కసుత్తితో టక్ టక్.
మధ్యాహ్నానికి గుండిగ కొత్త పెళ్లికూతురు.

మర్నాడు సాంబారు నీళ్లు నీళ్లు.
"కాలవ తిప్పావా అక్కా?" అన్నారు ఆటోవాళ్లు.
కందిపప్పు రెండు కిలోలు, చింతపండు మూడు పిడికిళ్లు,
నీళ్లు? సొట్ట దాకా.
బయట సొట్ట, లోపల గుబ్బ.
గుబ్బ మునిగితే చాలు.
అత్త చెప్పిన లెక్క అంతే.
ఆమె లీటర్లు ఎరగదు, నేను అడగలేదు.

మళ్లీ పెట్టమని వెళితే
సుభానీ సుత్తి కింద పెట్టేశాడు.
"తియ్యడం మా నాన్న నేర్పాడు.
పెట్టడం నాకు రాదమ్మా, అది రోడ్డు పని."
గుండిగని ఎండకి ఏటవాలుగా పట్టుకుని
"ఇటు చూడు" అన్నాడు.
వెలుగు నున్నగా జారుతూ జారుతూ
ఒకచోట తడబడింది.

ఇప్పుడు తెల్లారుజామున నాలుగింటికి
లైటు వెయ్యకుండా లోపలికి చెయ్యి పెడతాను.
గుబ్బ లేదు. రేకు అక్కడ కాస్త గరుగ్గా ఉంటుంది.
వేలు అక్కడే ఉంచి నీళ్లు పోస్తాను,
వేలు తడిసేదాకా.
సాంబారు ఒక్కోరోజు కుదురుతుంది.